ఆ వంద బల్బులే ఈ టెక్నాలజీ కొంప ముంచాయి

చేత్తో ఒక్కసారి తడితే వంద ఎల్ఈడీ బల్బులు గుప్పున వెలిగే వీడియో మీ అందరికీ వచ్చే ఉంటుంది. ఫ్యామిలీ గ్రూపులో మామయ్య పెట్టి ఉంటాడు, ఆఫీసు గ్రూపులో ఇంకెవరో పెట్టి ఉంటారు. కింద ఒకటే రాత: "ఇక ఛార్జర్‌తో పని లేదు, నడిస్తే చాలు, ఒంటి మీద చొక్కాయే ఫోన్ ఛార్జ్ చేస్తుంది." పోయిన వీడియోలో దీని గురించి రెండే రెండు నిమిషాలు మాట్లాడి, ఆ చొక్కా మీ ఫోన్‌ని ఛార్జ్ చెయ్యదు అన్నాను. అంతే, కామెంట్లలో నన్ను ఉతికి ఆరేశారు. సైన్స్ అంటే నీకు పడదా అన్నారు, ఛార్జర్ కంపెనీ దగ్గర ఎంత తీసుకున్నావు అన్నారు, మనవాళ్లు ఏం కనిపెట్టినా కిందకి లాగడమేనా అన్నారు. సరే, ఈ రోజు రెండు నిమిషాలతో వదలను. ఇంకా పెద్ద మాటే అంటాను, కాచుకోండి. ఆ చొక్కా వెనకున్న, రాపిడితో కరెంటు పుట్టించే ట్రైబోఎలక్ట్రిక్ టెక్నాలజీకి అతి పెద్ద శత్రువు ఛార్జర్ కంపెనీ కాదు, నేనూ కాదు, ఆ వంద బల్బుల డెమోయే. ఆ డెమో లేకపోయి ఉంటే ఈ టెక్నాలజీ ఈపాటికి మన ఆసుపత్రుల్లో ఉండేది. ఇది నా గట్టి నమ్మకం, ఎందుకో చెప్తాను.

ముందు లోపల జరిగేదేంటో గబగబా చెప్పేస్తాను, తెలిసినవాళ్లు ఓపిక పట్టండి. రెండు వేరువేరు పదార్థాలు తాకి విడిపోతే ఒకదాని మీద ప్లస్, ఇంకోదాని మీద మైనస్ ఛార్జ్ మిగిలిపోతుంది. చిన్నప్పుడు దువ్వెనతో తల దువ్వి కాగితం ముక్కలు లాగాం కదా, అదే. ఏ పదార్థం ప్లస్ వైపు పోతుంది, ఏది మైనస్ వైపు పోతుంది అని 1757లోనే విల్కె అనే స్వీడన్ శాస్త్రవేత్త ఒక వరస రాశాడు. మన చర్మం, జుట్టు, నైలాన్, పట్టు ప్లస్ వైపు, టెఫ్లాన్, సిలికోన్ రబ్బరు మైనస్ వైపు. ఎలక్ట్రాన్లే మారుతున్నాయా, అయాన్లు మారుతున్నాయా, పదార్థమే కాస్త కాస్త అంటుకుపోతోందా అని ఇప్పటికీ వాదనలు నడుస్తున్నాయి, అందులోకి మనం పోవద్దు. 2012లో అమెరికాలోని జార్జియా టెక్‌లో జోంగ్ లిన్ వాంగ్ బృందం చేసిన పని ఏంటంటే, కాప్టన్ అనే ప్లాస్టిక్ ఫిల్ము ఒకటి, వాటర్ బాటిల్ చేసే పీఈటీ ప్లాస్టిక్ ఫిల్ము ఒకటి తీసుకుని, వాటి వెనక లోహపు పూత వేసి, వంచితే కరెంటు వచ్చేలా చేశారు. 3.3 వోల్టుల దాకా వచ్చింది. పొరలు దగ్గరకొచ్చి దూరమైన ప్రతిసారీ వెనకున్న లోహాల మధ్య వైరులో కరెంటు అటొకసారి ఇటొకసారి పారుతుంది. అంతే. అందమైన ఆలోచన. చవకైన పదార్థాలు, బట్టలో నేయొచ్చు, చెప్పులో పెట్టొచ్చు. అక్కడి నుంచి ప్రపంచమంతా వేల పరిశోధన పేపర్లు, మన ఐఐటీల్లో, ఇంజినీరింగ్ కాలేజీల్లో లెక్కలేనన్ని ప్రాజెక్టులు. 3.3 వోల్టులు కాస్తా వందల వోల్టులయ్యాయి. ఎప్పుడైతే వందల వోల్టులు వచ్చాయో అప్పుడే బల్బులు వెలిగించడం మొదలుపెట్టారు.

ఇప్పుడు కాగితం, పెన్ను తీసుకోండి. నిజంగా తీసుకోండి, ఎందుకంటే ఈ లెక్క మీరే చేసుకుంటే ఇంక జీవితంలో ఏ రీలూ మిమ్మల్ని మోసం చెయ్యలేదు.

వంద ఎల్ఈడీలు వరసగా కలిపారు, ఒక్కోదానికి సుమారు 3 వోల్టులు, మొత్తం 300 వోల్టులు. ఈ పరికరానికి వోల్టులు ఇవ్వడం చాలా తేలిక, అదే దాని స్వభావం. కరెంటు ఎంత? అరచేతి సైజు ముక్కకి 10 మైక్రోఆంపులు అనుకుందాం. మైక్రోఆంపు అంటే ఆంపులో పది లక్షలో వంతు. 300ని దానితో గుణిస్తే 3 మిల్లీవాట్లు. ఎంతసేపు? తట్టిన ఆ క్షణం, సెకనులో వందో వంతు. అంటే ఒక్క తట్టుకి చేతికొచ్చింది 30 మైక్రోజౌళ్లు. జౌలు అంటే ఒక వాట్ ఒక సెకను పాటు ఇచ్చే శక్తి, మైక్రోజౌలు అందులో పది లక్షలో వంతు. మన కంటికి ఆ మెరుపు బ్రహ్మాండంగా కనిపిస్తుంది, చీకటి గదిలో తీస్తే ఇంకా బ్రహ్మాండంగా ఉంటుంది, ఆ వీడియోలన్నీ చీకట్లోనే ఎందుకు తీస్తారో ఇప్పుడు అర్థమైందా?

ఇప్పుడు మీ ఫోను. 5000 మిల్లీఆంప్ అవర్ బ్యాటరీ, 3.85 వోల్టులు, గుణిస్తే సుమారు 19 వాట్ అవర్లు, అంటే 69,000 జౌళ్లు. దాన్ని 30 మైక్రోజౌళ్లతో భాగించండి. 230 కోట్లు. రెండు వందల ముప్పై కోట్ల సార్లు తట్టాలి ఒక్కసారి ఫోన్ నిండడానికి. సెకనుకు రెండు సార్లు చొప్పున, తిండీ నిద్రా మానేసి, 36 ఏళ్లు. అది కూడా వచ్చిందంతా వృథా కాకుండా బ్యాటరీలోకి పోతేనే, నిజంగా అయితే మధ్యలో అటూ ఇటూ పారే కరెంటుని ఒకే దిక్కుకి మళ్లించే రెక్టిఫయర్ దగ్గర, వోల్టేజీ తగ్గించే సర్క్యూట్ దగ్గర సగానికి పైగా పోవచ్చు. నువ్వు తక్కువ లెక్క వేశావు అంటారా, పది రెట్లు వేసుకోండి, మూడున్నరేళ్లు పైనే. సరే ఇంకా ఉదారంగా, మంచి షూ పరికరం ఒకటి నడిచినంతసేపూ సగటున 1 మిల్లీవాట్ ఇస్తోంది అనుకుందాం. ఆగకుండా రెండేళ్లకు పైగా నడవాలి. మన చెన్నై నుంచి తిరుపతికి కాదు, కాశీకి కాలినడకన వెళ్లొచ్చినా బ్యాటరీ పది శాతం నిండదు. అదే గోడకున్న ప్లగ్గులో పెడితే, ఛార్జర్‌లో వృథా పోయేది పోగా, ఒక్క యూనిట్ కరెంటుతో నలభై సార్లయినా ఫుల్ ఛార్జ్ అవుతుంది. ఒక్క యూనిట్!

వోల్టులు వందల్లో ఉన్నాయి కదా మరి అని అడుగుతారు, కామెంట్లలో అందరూ అడిగింది ఇదే. పదో అంతస్తు నుంచి ఒక్క నీటి చుక్క వదిలితే ఎత్తు చాలా ఉంది, నిజమే, కానీ కింద బిందె నిండుతుందా? వోల్టు అంటే ఎత్తు, ఛార్జ్ అంటే నీళ్లు. ఇక్కడున్నది చుక్క. వార్త రాసేవాళ్లు ఎత్తు మాత్రం చెప్పి చుక్క సంగతి చెప్పరు.

ఇంకో అంకె ఉంది, అది చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. "చదరపు మీటరుకు 500 వాట్లు." ఈ రంగం మీద వచ్చిన సమీక్షా వ్యాసాల్లో ఎన్నింట్లోనో ఇది తిరుగుతుంటుంది. మంచి ఎండలో చదరపు మీటరు మీద పడే సూర్యకాంతే 1000 వాట్లు, అందులోంచి మేడ మీద సోలార్ ప్యానెల్ ఇచ్చేది 200 చిల్లర. అంటే చొక్కా సోలార్ ప్యానెల్‌ని మించిపోయిందా? చదివినవాడు అలాగే అనుకుంటాడు మరి, వాడి తప్పేముంది? ఆ 500 అన్నది మెషీన్‌తో నడిపిన పరికరంలో, సన్నటి గీతలు చెక్కిన పలకలు ఒకదాని మీద ఒకటి వేగంగా జారినప్పుడు వచ్చిన అంకె. మీ మోచెయ్యి అలా కదలదు, మీ మోకాలు అలా కదలదు. దాంతోపాటు ఈ రంగంలో చాలాచోట్ల చెప్పేది ఒక్క క్షణంలో వచ్చిన గరిష్ఠం, రోజంతటి సగటు ఎంతో ఎక్కడో చివర్న ఉంటుంది, కొన్నిసార్లు అసలు ఉండదు. శాస్త్రం అబద్ధం చెప్పలేదు, ఆ మాట కూడా గట్టిగా చెప్తాను. పేపర్‌లో అన్నీ రాసే ఉంటాయి. పేపర్ నుంచి ప్రెస్ నోట్‌కి, ప్రెస్ నోట్ నుంచి వార్తకి, వార్త నుంచి రీల్‌కి వచ్చేసరికి ఆ కండిషన్లన్నీ ఒక్కొక్కటే రాలిపోయి బల్బులు మాత్రం మిగులుతాయి.

ఇది కొత్త జబ్బు కాదు. 1996లో థాడ్ స్టార్నర్ అనే ఆయన లెక్క కట్టాడు, 68 కిలోల మనిషి నడుస్తుంటే మడమ దగ్గర 67 వాట్లు ఉన్నాయని. ఉన్నాయి, కానీ మొత్తం లాగేసుకుంటే ప్రతి అడుగూ భారమైపోయి వీధి చివరికి చేరేలోపే ఆయాసం వస్తుంది, ఆ సంగతి ఆయనకూ తెలుసు. రెండేళ్ల తర్వాత అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో షూలో నొక్కితే కరెంటు ఇచ్చే పీజో ముక్కలు పెట్టి నిజంగా నడిచి చూస్తే చేతికొచ్చింది మిల్లీవాట్లు. 67 వాట్లు ఎక్కడ, మిల్లీవాట్లు ఎక్కడ! అయితే వాళ్లు చేసిన పని నాకు చాలా నచ్చుతుంది. ఆ కాస్త కరెంటుతో షూ లోంచి ఒక చిన్న రేడియో సిగ్నల్ పంపారు, ఈ షూ వేసుకున్నది ఫలానా అని. ఉన్నదానికి తగ్గ పని ఇచ్చారు. సీకో వాళ్లు 1988లో చెయ్యి ఊపితే నడిచే క్వార్ట్జ్ వాచీ అమ్మారు, లోపల చిన్న రోటార్ తిరుగుతుంది, దాని సూత్రం వేరే అనుకోండి. ఎందుకు నిలబడింది? వాచీకి కావలసింది మైక్రోవాట్లే కాబట్టి. అక్కడ ఎవరూ ఈ వాచీతో టేబుల్ ఫ్యాన్ తిరుగుతుంది అనలేదు.

ఇప్పుడు చెన్నై సంగతికొద్దాం, అసలు గొడవ ఇక్కడే ఉంది.

డిసెంబరులో హైదరాబాదులో మా అక్కవాళ్లింటికి వెళ్తే స్వెట్టర్ విప్పేటప్పుడు చిటపటమంటుంది, కారు తలుపు ముట్టుకుంటే చురుక్కుమంటుంది. అనంతపురం వాళ్లకీ, బెంగళూరు వాళ్లకీ ఫిబ్రవరిలో ఈ అనుభవం ఉండే ఉంటుంది. మన చెన్నైలో మీకు ఎన్నిసార్లు అలా షాక్ తగిలింది చెప్పండి? పెరంబూరులో, వ్యాసర్‌పాడిలో, అడయారులో ఎక్కడున్నా సరే, గుర్తు తెచ్చుకోండి. తగలదు. ఎందుకంటే గాల్లో తేమ ప్రతి వస్తువు మీదా కంటికి కనపడని నీటి పొరలా కూర్చుంటుంది, పుట్టిన ఛార్జ్ పుట్టినట్టే దాని మీదుగా కారిపోతుంది. ఇక్కడ తెల్లవారుజామున తేమ 80 శాతం దాటడం మామూలు. పైగా చెమట, కత్తిరి ఎండల్లో బస్సు దిగేసరికి చొక్కా పిండితే నీళ్లొచ్చే ఊరు ఇది. ఒంటి మీద రాపిడితో కరెంటు తీస్తానన్నవాడు ముందు ఈ ఊళ్లో తీసి చూపించాలి.

నేను చూశాను. ఎలక్ట్రానిక్స్ సామాన్లు దొరికే రిచీ స్ట్రీట్‌కి వెళ్లి రాగి టేపు, టెస్టర్లలో ఉంటుందే ఆ చిన్న నియాన్ బల్బు, అవి తెచ్చాను. ప్లంబర్ షాపులో దొరికే తెల్లటి టెఫ్లాన్ టేపు, ఒక నైలాన్ గుడ్డ, రెండు అట్టముక్కలు. నియాన్ బల్బు ఎందుకంటే అది డెబ్భై ఎనభై వోల్టులు దాటితే గానీ వెలగదు, కరెంటు మాత్రం బహు తక్కువ చాలు. ఏసీ వేసిన గదిలో, తేమ మీటరు 50 దగ్గర ఉండగా తట్టాను, తట్టిన ప్రతిసారీ నారింజ రంగు మెరుపు, చూడముచ్చటగా ఉంది. అదే సెటప్పు సాయంత్రం మేడ మీదకి తీసుకెళ్లాను. సముద్రపు గాలి తిరిగింది, మీటరు 80 చూపిస్తోంది. తట్టాను, రుద్దాను, గట్టిగా కొట్టాను. ఒక్క మెరుపు లేదు. బల్బు పాడైందేమోనని కిందకి తెచ్చి ఏసీలో కాసేపు ఆరనిస్తే మళ్లీ వెలిగింది.

దీనికి మందు లేదా అంటే ఉంది, మొత్తం పరికరాన్ని తేమ చొరబడని సంచిలో పెట్టి సీలు చెయ్యడం. పొరలు ఆ సంచి లోపల తాకి విడిపోతుంటాయి. ల్యాబుల్లో చేస్తున్నారు, పని చేస్తోంది కూడా. కానీ చొక్కా మొత్తం ప్లాస్టిక్ సంచి చేసి చెన్నైలో మే నెలలో వేసుకోమంటే ఎవరేసుకుంటారు? గాలి ఆడదు, ఒళ్లంతా చెమటకాయలు. కాబట్టి చొక్కా కాదు, చిన్న ముక్కగా ఉండాలి. చిన్న ముక్క అన్నాక కరెంటు ఇంకా తగ్గిపోతుంది. చూశారా, ఎటు తిరిగినా ఛార్జింగ్ కథ అక్కడికక్కడే ఆగిపోతుంది.

కానీ ఆ రోజు మేడ మీద ఇంకొకటి జరిగింది, ఈ వీడియో చేస్తున్నది దానికోసమే. బల్బు తీసేసి, అదే ముక్కకి ఆసిలోస్కోప్, అంటే వోల్టులు ఎలా మారుతున్నాయో తెర మీద గీతగా చూపించే పరికరం, తగిలించాను. బల్బుకి కనీసం డెబ్భై వోల్టులు కావాలి, ఆసిలోస్కోప్‌కి అర వోల్టు కూడా ఎక్కువే. ముక్కని చెప్పులో మడమ కింద పెట్టుకుని నడిచాను. అడుగు పడిన ప్రతిసారీ తెర మీద నిటారుగా ఒక ముల్లు, అడుగు లేచినప్పుడు కిందకి ఇంకో ముల్లు. బల్బు చచ్చిపోయిన అదే తేమలో, అదే మేడ మీద, ప్రతి అడుగూ స్పష్టంగా కనిపిస్తోంది! కాస్త కుంటుతూ నడిస్తే ముల్లు ముల్లుకీ మధ్య దూరం మారిపోతోంది. నడుముకి కట్టిన బెల్టు కింద పెట్టి ఊపిరి పీలిస్తే నెమ్మదిగా లేచి దిగే అల వస్తోంది. ఇది కదా ఈ టెక్నాలజీ! కరెంటు పుట్టించడంలో ఓడిపోయిన చోట కబురు చెప్పడంలో గెలుస్తోంది. ఇన్ని వోల్టులు ఇంత చిన్న కదలికకి రావడం ఫోన్ ఛార్జింగ్‌కి పనికిరాని గుణమే కావచ్చు, కానీ సెన్సార్‌కి అంతకన్నా ఏం కావాలి?

నా మేడ మీది ముక్కని పక్కన పెట్టండి, సరైన ల్యాబులు ఏం చేశాయో చూడండి. 2020లో సైన్స్ అడ్వాన్సెస్ అనే పరిశోధన పత్రిక‌లో ఒక పేపర్ వచ్చింది, మెషీన్ మీద అల్లిన గుడ్డలోనే ట్రైబోఎలక్ట్రిక్ సెన్సార్. మణికట్టు దగ్గర నాడి కొట్టుకోవడం, ఛాతీ మీద ఊపిరి, రెండూ పట్టింది, నిద్రలో ఊపిరి ఆగే జబ్బును గుర్తించడానికి వాడి చూశారు. 20 మిల్లీసెకన్లలో స్పందిస్తుంది, లక్షసార్లకు పైగా నొక్కినా చెక్కుచెదరలేదు, మెషీన్‌లో 40 సార్లకు పైగా ఉతికినా పని చేసింది. ఉతకడం గురించి రాసినందుకే నేను వాళ్లకి దండం పెడతాను, చాలామంది ఆ ఊసే ఎత్తరు. అదే ఏడాది సింగపూర్ నేషనల్ యూనివర్సిటీలో చెంగ్‌కువో లీ బృందం సాక్సుల్లో పెట్టి, నడకని బట్టి మనిషిని గుర్తుపట్టేలా చేసింది. ఇవి ఎందుకు మన ఫోన్లకి రీల్స్‌గా రావు? బల్బులు వెలగవు కాబట్టి! తెర మీద ఒక గీత కదులుతుంది అంతే, ఆ గీతకి లైకులు రావు.

మా బాబాయి సంగతి చెప్తాను, పెరంబూరులో ఉంటాడు, రైలు కోచ్ ఫ్యాక్టరీలో చేసి రిటైరయ్యాడు, చాలా ఏళ్లుగా షుగరు. ఆ మధ్య మా ఇంటికొచ్చి గుమ్మం దగ్గర చెప్పులు విప్పాడు. కుడి చెప్పు అడుగున ఏదో మెరుస్తోంది.

"బాబాయ్, చెప్పుకి అదేంటి?"

"ఏముందిరా, వానకి రోడ్డంతా చెత్త, ఏదో అంటుకుని ఉంటుంది."

తిప్పి చూస్తే మేకు. అడుగు నుంచి లోపలికి దిగి, పైన మొన కొద్దిగా బయటికొచ్చి ఉంది. కాలు చూపించమంటే బొటనవేలి కింద చిన్న కన్నం, చుట్టూ ఎర్రగా. ఎప్పుడు దిగిందో ఆయనకి తెలియదు. నొప్పి తెలిస్తే కదా! పాదంలో స్పర్శ పోయింది. పిన్ని అక్కడే కూలబడిపోయింది. డాక్టరు వెంటనే చూశారు కాబట్టి సరిపోయింది, లేకపోతే షుగరు ఉన్నవాళ్లకి ఇలాంటి పుండు ఎక్కడికి దారి తీస్తుందో మీ ఇళ్లలోనూ చూసే ఉంటారు. ఆ రోజు నుంచి ఆయనకి ఎంసీఆర్ చెప్పులు, మెత్తటి రబ్బరువి, షుగరు లాంటి జబ్బులతో స్పర్శ తగ్గిన కాళ్లకి ఇస్తారు. 2023లో వచ్చిన, కేంద్ర వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్ సర్వే ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి షుగరు. ఆ సర్వే ముందుండి నడిపించింది మన చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషనే. పది కోట్ల మంది! స్పర్శ తగ్గేకొద్దీ నడక మారుతుంది, ఒక కాలు మీద ఎక్కువసేపు భారం పడుతుంది, మడమకి బదులు ముందు భాగం గట్టిగా తాకుతుంది, ఇదంతా ఒక్క రోజులో జరగదు, వారాలు నెలలు పడుతుంది, పక్కనున్నవాళ్లకి కూడా తెలియదు. ఎంసీఆర్ చెప్పు పొరల మధ్యలో సీలు చేసిన నాలుగైదు ముక్కలు పెడితే ఆ మార్పు మొదలైనప్పుడే తెలిసే అవకాశం ఉంది. పదార్థం చవక, మందం తక్కువ, సాక్సులు వేసుకోని మన ఊరికి సరిపోతుంది. దీని మీద మన ల్యాబుల్లో, మన క్లినిక్కుల్లో, మన ఎండలో, మన చెమటలో, పేషెంట్ల మీద పెద్ద ఎత్తున పరీక్షలు జరగాలి అన్నది నా గోల. 36 ఏళ్లు తట్టి ఫోన్ నింపుకునే చొక్కా ఎవరికి కావాలి?

ఇబ్బందులు దాచను. ఈ సెన్సార్ కదలికని చెప్తుంది, కదలకుండా నిలబడిన బరువుని చెప్పదు. రేషన్ షాపు క్యూలో బాబాయి అరగంట నిలబడితే, మొదటి క్షణం ముల్లు వచ్చి ఆ తర్వాత ఛార్జ్ కారిపోయి గీత సున్నాకి వచ్చేస్తుంది. ఆ పనికి వేరే రకం సెన్సార్ తోడుగా పెట్టాల్సిందే. రెండోది, తేమని బట్టి ముల్లు ఎత్తు మారిపోతుంది, అంచేత ఎత్తుని నమ్మి ఇన్ని కిలోల ఒత్తిడి అని చెప్తే తప్పుతుంది, ముల్లుకీ ముల్లుకీ మధ్య సమయాన్ని, ఏ ముక్క ముందు తాకింది ఏది తర్వాత తాకింది అన్న వరసని నమ్మాలి, అవి తేమతో అంతగా మారవు. ఇంకొకటి, నా ఆసిలోస్కోప్‌లో గది గోడ దగ్గరికి వెళ్లగానే గీతంతా వణకడం మొదలైంది. ఇంటి వైరింగులోని 50 హెర్ట్జ్ కరెంటుని ఈ ముక్క గాల్లోంచే పట్టేస్తోంది. దానికి చుట్టూ షీల్డింగు కావాలి, ఫిల్టరు కావాలి. అన్నీ ఇంజినీరింగు సమస్యలే, కూర్చుంటే తేలేవే. కానీ కూర్చోవాల్సిన బుర్రలన్నీ ఇంకో పది బల్బులు ఎక్కువ వెలిగించడం ఎలా అని చూస్తున్నాయి, నా కోపమంతా అదే.

బ్యాటరీ సంగతి కూడా తేల్చేద్దాం. ముక్క తన సిగ్నల్ తను పుట్టించుకుంటుంది, నిజమే. కానీ ఆ సిగ్నల్‌ని అంకెగా మార్చే చిప్పుకి, బ్లూటూత్‌లో ఫోన్‌కి పంపే చిప్పుకి కరెంటు కావాలి. బ్లూటూత్‌లో ఒక్క చిన్న కబురు పంపడానికే పదుల మైక్రోజౌళ్లు పోతాయి, అంటే మనం ఇందాక లెక్క కట్టిన ఒక తట్టు మొత్తం దానికే సరి. పేపర్లలో బ్యాటరీ పెట్టడం నామోషీ అన్నట్టు ఏవేవో తంటాలు పడుతుంటారు. ఎందుకండీ? కంప్యూటర్ మదర్‌బోర్డులో ఉండే బిళ్ల సెల్, సీఆర్2032, ఎన్ని రూపాయలు? కిరాణా కొట్లో కూడా దొరుకుతుంది. అందులో ఉన్నది సుమారు 2400 జౌళ్లు. మన వంద బల్బుల ముక్కని సెకనుకు రెండు సార్లు చొప్పున ఏడాదికి పైగా రాత్రింబవళ్లు తడితే వచ్చేంత! ఆ బిళ్ల పెట్టెయ్యండి, నడకని వినండి, రోజుకి రెండు మూడు సార్లు సమాచారం పంపండి, నెలల తరబడి నడుస్తుంది.

హార్వెస్టింగ్, అంటే కదలిక నుంచి కరెంటు పిండుకోవడం, అసలు ఎక్కడా పనికిరాదా అంటే, ఒకచోట నేను చేతులెత్తి మొక్కుతాను. 2019లో నేచర్ కమ్యూనికేషన్స్ అనే పత్రిక‌లో వచ్చిన పని, గుండె కదలికతోనే కరెంటు తీసుకునే పేస్‌మేకర్, పందుల్లో అమర్చి చూశారు. గుండె ఒక్కసారి కొట్టుకుంటే వచ్చింది 0.495 మైక్రోజౌళ్లు, గుండెని ఒక్కసారి కొట్టించడానికి కావలసింది 0.377. అర మైక్రోజౌలు! మన తట్టుకి వచ్చినదానిలో అరవయ్యో వంతు. అయినా సరిపోయింది, ఎందుకంటే అడిగింది అంతే. పేస్‌మేకర్ బ్యాటరీ అయిపోతే కిరాణా కొట్టుకి వెళ్లలేం, మళ్లీ ఆపరేషన్ చెయ్యాలి, పెద్దవయసువాళ్లకి అది ఎంత టెన్షనో తెలిసినవాళ్లకి తెలుసు. పైగా ఒంట్లో అమర్చేది ఎలాగూ సీలు చేసే ఉంటుంది, చెన్నై తేమ దాన్ని ఏమీ చెయ్యలేదు. మనుషుల్లోకి రావడానికి ఇంకా చాలా దారి ఉంది, కానీ దిక్కు సరైనది. బ్యాటరీ మార్చడమే ప్రాణం మీదికి వచ్చే చోట ఒక్కో మైక్రోజౌలూ బంగారం. చేతిలో ఛార్జర్, గోడకి ప్లగ్గు ఉన్న చోట దానికి విలువేముంది?

ఇంకో ముక్క, ఇది ఎవరూ మాట్లాడరు. మైనస్ వైపు బాగా పనిచేసే టెఫ్లాన్, ఎఫ్ఈపీ లాంటివన్నీ ఫ్లోరిన్ ప్లాస్టిక్కులు, పీఫాస్ అనే పెద్ద కుటుంబంలోవి, మట్టిలో నీటిలో తొందరగా కుళ్లనివి. 2023 జనవరిలో యూరప్‌లో ఐదు దేశాలు కలిసి ఈ కుటుంబం మొత్తాన్నీ కట్టడి చెయ్యాలని ప్రతిపాదించాయి. కోట్ల చొక్కాల్లో ఆ పొర నేసి, ఉతికి, చివరికి పెరుంగుడి చెత్త గుట్టలో పడేస్తామా? చెప్పులో చిన్న ముక్కకి సిలికోన్ రబ్బరు సరిపోతుంది, సిగ్నల్ కొంచెం తగ్గినా మనకి సమయమే కదా కావలసింది.

ఇప్పుడు మీలో బీటెక్, ఎంటెక్ ప్రాజెక్టులు చేస్తున్నవాళ్లకి, అన్నా యూనివర్సిటీ కానివ్వండి, తాంబరం దాటాక ఉన్న కాలేజీలు కానివ్వండి, అటు బెంగళూరు వాళ్లు కానివ్వండి, మీకు ఒక సవాల్. ఎల్ఈడీల బోర్డు తీసి పక్కన పెట్టండి. ఎన్ని వోల్టులు వచ్చాయో నాకు చెప్పొద్దు. అడుగుకి ఎన్ని మైక్రోజౌళ్లు, ఎంత తేమలో, చెమట పట్టాక ఎంత, వంద కాదు పదివేల అడుగుల తర్వాత ఎంత, ఆ నాలుగూ చెప్పండి. మీ సెన్సార్ కుంటి నడకని మామూలు నడకని విడదీసి చెప్పగలిగితే ఇంకా మంచిది. ఫిజియోథెరపీ చేసేవాళ్లు, షుగరు క్లినిక్కుల్లో పాదాలు చూసేవాళ్లు ఈ వీడియో చూస్తుంటే, ఈ పిల్లలకి ఏం కొలవాలో కింద రాయండి, ఎందుకంటే ఆ విషయం ఎలక్ట్రానిక్స్ చదివినవాళ్లకి తెలియదు, మీకే తెలుసు. తయారుచేసినవాళ్లు మే నెలలో మా మేడ మీదికి తీసుకురండి, సాయంత్రం సముద్రపు గాలి తిరిగాకే మొదలుపెడదాం. కెమెరా నేను పెడతాను, తేమ మీటరు ఫ్రేములోనే ఉంటుంది, ఎడిటింగ్ లేకుండా మొత్తం ఛానెల్‌లో పెట్టేస్తాను.